నాన్నకు, తమ్ముడికి, ఇప్పుడు నాకూ బీపీ: అంతా జన్యువుల్లోనే ఉందా?

లెక్కల టీచరు, కోనసీమ

నమస్కారం. నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. నా వయసు 41. మా కుటుంబం సంగతి చెబితే తప్ప నా ప్రశ్న అర్థం కాదు కాబట్టి కాస్త పొడవుగానే రాస్తున్నాను.

మా నాన్నకు 49వ ఏట పక్షవాతం వచ్చింది. భోజనం చివర మజ్జిగ గ్లాసు ఎత్తబోయారు. గ్లాసు చేతిలోనే ఉంది, చెయ్యి మాత్రం నోటి దాకా వెళ్లలేదు. మజ్జిగ పంచె మీద ఒలికిపోతుంటే, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు దానివైపే చూస్తూ ఉండిపోయారు. నాకు అప్పుడు 17 ఏళ్లు. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాను. ఆసుపత్రిలో చూస్తే బీపీ 220/130. అంతకు ముందు ఆయన ఒక్కసారి కూడా చూపించుకోలేదు. మరో ఆరేళ్లు మంచంలోనే గడిపి వెళ్లిపోయారు. నాన్నమ్మ కూడా పక్షవాతంతోనే పోయిందట. మేనత్త తన 45వ ఏటి నుంచి బీపీ బిళ్లలు వేసుకుంటోంది. మా అమ్మానాన్నలది మేనరికం. అమ్మ నాన్నకు సొంత మేనమామ కూతురు.

తమ్ముడికి ఇప్పుడు 34. మూడేళ్ల కిందట ఉద్యోగం కోసం వైద్య పరీక్షకు వెళ్తే 170/110 ఉందన్నారు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ రెండూ పూర్తి మోతాదులో వాడుతున్నా 150 కిందికి రావడం లేదు. వెళ్లినప్పుడల్లా ‘మీ నాన్నగారికి ఉంది కదా, వంశపారంపర్యం’ అని రాసి పంపిస్తున్నారు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయని, మూడుసార్లు మూత్రానికి లేస్తున్నానని అంటాడు. షుగరు చూపిస్తే లేదన్నారు.

పోయిన నెల మా బడిలో పెట్టిన వైద్య శిబిరంలో నాకు 146/92 వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లాలాజలం పంపితే జన్యువులు చూసి చెప్పే కంపెనీ ఒకటి ఉంటే డబ్బు కట్టాను. నివేదికలో ‘రక్తపోటు: అధిక ముప్పు’ అని ఎర్ర రంగులో ఉంది. వందమందిని తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెడితే నాది 88వ స్థానమట.

నాకు తెలియాల్సింది ఇదీ. ఆ 88 అనే అంకెను ఎలా చదవాలి? మేనరికం వల్ల మా ఇద్దరికీ రెట్టింపు వచ్చిందా? నా కూతురికి 13 ఏళ్లు. దాని రక్తంలో కూడా ఇదే రాసి ఉంటే ఇప్పటినుంచే నేను చేయగలిగింది ఏమైనా ఉందా, లేక ఎదురు చూడటమేనా?

---

కణం, హైదరాబాద్

అక్కా, నేను జన్యుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, వైద్యురాలిని కాను. కాబట్టి మీ ఎర్ర అంకె గురించి మాత్రమే చెబుతాను.

1950ల్లో బ్రిటన్‌లో రాబర్ట్ ప్లాట్, జార్జ్ పికరింగ్ అని ఇద్దరు పెద్ద వైద్యులు అచ్చంగా మీ ప్రశ్న మీదే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అధిక రక్తపోటు ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తుంది, అది ఉన్నవాళ్లు వేరు, లేనివాళ్లు వేరు అన్నది ప్లాట్ వాదన. అలా కాదు, బీపీ మనుషుల ఎత్తు లాంటిది, పొట్టివాళ్లనూ పొడుగువాళ్లనూ విడదీసే గీత ప్రకృతిలో ఎక్కడా లేదు, చిన్న చిన్న కారణాలు కలిసి ఒక్కొక్కరిని ఒక్కో చోట నిలబెడతాయి అన్నది పికరింగ్ వాదన. చివరికి పికరింగ్ మాటే నిలిచింది. అరుదైన కొన్ని కుటుంబాల్లో మాత్రం ప్లాట్ చెప్పినట్టు ఒకే జన్యువు పని చేస్తుందని తర్వాత తేలింది.

ఆ చిన్న కారణాలు ఎన్నో ఇప్పుడు లెక్క ఉంది. 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో 10 లక్షలకు పైగా మనుషుల జన్యువులను బీపీతో పోల్చి చూస్తే 2,103 తేడాలు బయటపడ్డాయి. ఒక్కొక్కటీ పై అంకెను కదిపేది ఒక పాయింటులో కొంత భాగమే. మీరు లెక్కల టీచరు కాబట్టి ఇలా చెబుతాను: రెండు వేల నాణేలు ఎగరవేసినప్పుడు బొమ్మలు కొంచెం ఎక్కువ పడినవాళ్లు మీరు. మీలో ‘బీపీ జన్యువు’ అని ఒకటి లేదు. అవే తేడాలు నాలోనూ వందల కొద్దీ ఉంటాయి.

అలాగని ఆ చిన్న తేడాలన్నీ కూడితే వచ్చే మొత్తాన్ని కొట్టిపారేయలేం. ఆ అధ్యయనంలో అన్నిటికన్నా ఎక్కువ మొత్తం వచ్చిన పదోవంతు మందికీ, అన్నిటికన్నా తక్కువ వచ్చిన పదోవంతు మందికీ పై అంకెలో సగటున దాదాపు 17 పాయింట్ల తేడా ఉంది. అది చిన్న తేడా కాదు. కానీ ఆ లెక్క యూరప్ మూలాలున్నవాళ్ల మీద కట్టింది. దాన్ని తెచ్చి మన మీద పెడితే గురి తప్పుతుంది. ఇక్కడ ఏ తేడా ఎంతమందిలో ఉంది, ఏ తేడా పక్కన ఏ తేడా ఉంటుంది అన్నవి మారిపోతాయి. మన దేశంలో పదివేలమంది పూర్తి జన్యు పటాలు చదివిన జీనోమ్ ఇండియా సమాచారం పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది 2025 జనవరిలోనే. మా ఊళ్లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా అందులో భాగస్వామి. మన జనాభాకు సరిపడే కొలబద్ద ఇక తయారు కావాలి. అందుకే మీ 88ని దశాంశాల దాకా నమ్మవద్దని నా సలహా. మీ నాన్నగారి సంగతి, నాన్నమ్మ సంగతి ఆ నివేదిక కన్నా ఎక్కువ చెబుతాయి.

ఇంకొక మాట. బీపీలో 30 నుంచి 50 శాతం వంశపారంపర్యం అని చదివి ఉంటారు. అంటే మీ 146లో సగం జన్యువులు పెట్టాయని కాదు. మనుషుల మధ్య కనిపించే తేడాల్లో అంత భాగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందని. 1960ల్లో అమెరికాలో లూయిస్ డాల్ అనే ఆయన ఎలుకలను ఏరి ఏరి రెండు వంశాలుగా పెంచారు. ఉప్పు ఎక్కువ పెడితే ఒక వంశానికి బీపీ ఎగబాకేది, రెండోదానికి దాదాపు కదిలేది కాదు. మేతలో ఉప్పు తగ్గిస్తే రెండు వంశాల మధ్య తేడా బాగా తగ్గిపోయేది. ఆ ఎలుక బీపీకి కారణం జన్యువా, ఉప్పా? ఒక్కదాన్నే వేలెత్తి చూపలేం. మనుషుల్లోనూ బ్రిటన్‌లో దాదాపు 2.77 లక్షలమందిని చూశారు. జన్యువుల ముప్పు తక్కువ ఉన్నవాళ్లలోనూ ఎక్కువ ఉన్నవాళ్లలోనూ, మంచి అలవాట్లు ఉన్నవాళ్ల పై అంకె లేనివాళ్ల కన్నా నాలుగైదు పాయింట్లు తక్కువే ఉంది. ముప్పు ఎక్కువ ఉన్నంత మాత్రాన అలవాట్లు పని చేయకుండా పోలేదు. మీ పాపకు మీరు ఇవ్వగలిగింది అక్కడ ఉందక్కా.

---

పాత స్టెతస్కోపు, గుంటూరు

అమ్మా, నేను జనరల్ మెడిసిన్ డాక్టరును. 30 ఏళ్లుగా ఇదే పని. నీ ప్రశ్న నీ గురించి, పాప గురించి. కానీ నీ ఉత్తరంలో నన్ను నిద్ర లేపిన వాక్యం నీ తమ్ముడిది.

31 ఏళ్లకే 170/110. రెండు మందులు పూర్తి మోతాదులో వాడినా దిగడం లేదు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి, మూత్రానికి మాటిమాటికీ లేస్తున్నాడు, షుగరు లేదు. ఈ మూడేళ్లలో పొటాషియం ఎప్పుడైనా చూశారా? చూడకపోతే రేపు పొద్దున్నే చూపించు. సోడియం, పొటాషియం, క్రియేటినిన్, మూత్రంలో ప్రోటీను చాలు. పెద్ద ఖర్చు కాదు, ఏ లాబులోనైనా చేస్తారు. పొటాషియం తక్కువగా వస్తే మామూలు సంగతి కాదని అర్థం. ఎందుకంటే టెల్మిసార్టన్ పొటాషియాన్ని పెంచే మందు. అది వేసుకుంటున్నా తగ్గిందంటే లోపల ఏదో దాన్ని మూత్రంలోకి తోడేస్తోందన్నమాట. అప్పుడు ఆల్డోస్టెరాన్ అనే హార్మోను, దాన్ని తయారు చేయించే రెనిన్ ఎంత ఉన్నాయో పరీక్షలు చేయించాలి. మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టెరాన్‌ను అతిగా తయారు చేస్తే ఉప్పు ఒంట్లో నిలుస్తుంది, పొటాషియం బయటికి పోతుంది. ఈ జబ్బు మనం అనుకున్నంత అరుదు కాదు. బీపీ ఉన్న ప్రతి వందమందిలో ఐదు నుంచి పదిమందికి ఉంటుందని అంచనా. మనం వెతకం కాబట్టి దొరకదు. ‘వంశపారంపర్యం’ అన్న మాట చీటీ మీద పడగానే వెతకడం ఆగిపోతుంది. నా వృత్తిలో నాకు బాధ కలిగించే విషయం ఇదే, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఒకే జన్యువుతో వచ్చే బీపీల సంగతి. 1963లో గ్రాంట్ లిడిల్ అనే వైద్యుడు ఒక కుటుంబం గురించి రాశాడు. చిన్న వయసులోనే బీపీ, తక్కువ పొటాషియం, అయినా ఆల్డోస్టెరాన్ లేనట్టే ఉంది. మూత్రపిండంలో ఉప్పును లోపలికి లాగే ద్వారం మూసుకోకుండా ఇరుక్కుపోవడం కారణమని 1994లో జన్యువుతో సహా తేలింది. దానికి అమిలోరైడ్ అనే పాత, చవక మందు పని చేస్తుంది. మామూలు బీపీ బిళ్లలు గుప్పెడు మింగినా అంత ఫలితం ఉండదు. ఇంకో రకంలో రెండు జన్యువుల ముక్కలు అతుక్కుని కొత్త జన్యువు పుడుతుంది, దాన్ని 1992లో కనుక్కున్నారు. అలాంటివాళ్లకు స్వల్ప మోతాదులో స్టెరాయిడ్ ఇస్తే దిగుతుంది. జన్యుపరీక్ష నిజంగా ఉపయోగపడేది ఇలాంటి చోట, ఎందుకంటే జవాబును బట్టి మందే మారిపోతుంది. నువ్వు చేయించుకున్నది ఆ పరీక్ష కాదమ్మా. మామూలు బీపీకి అందరూ జన్యుపరీక్ష చేయించుకోవాలని వైద్య మార్గదర్శకాలు చెప్పడం లేదు.

మేనరికం విషయానికి వస్తే, రెండు వైపుల నుంచీ ఒకే పాడైన ప్రతి వస్తేనే కనిపించే జబ్బులు ఉంటాయి. వాటి విషయంలో మేనరికం లెక్కలోకి వస్తుంది. బీపీలో కూడా అలాంటిది ఒకటి ఉంది. అది చాలా అరుదు, తక్కువ బరువుతో పుట్టి, చిన్నతనంలోనే బయటపడుతుంది. మీ ఇంట్లో తరం తరానికీ నడివయసులో వస్తోంది కాబట్టి ఇది అలాంటిది కాదు. అమ్మానాన్నల పెళ్లిని తప్పు పట్టకు.

ఇక నీ 146/92. శిబిరంలో ఒక్కసారి చూసిన అంకెతో నేను ఎవరికీ మందు రాయను. పైచేతికి కట్టే డిజిటల్ మిషన్ కొనుక్కో. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేట్టు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో. అంతకు ముందు అరగంట కాఫీ వద్దు, మూత్రం ఆపుకుని చూడవద్దు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, బట్ట మీద పట్టీ కట్టవద్దు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయి. అది 135/85 దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లు. దాటకపోయినా మీ ఇంటి చరిత్రకు ఆరు నెలలకొకసారి చూసుకోవాలి.

---

మందుల షాపు, తణుకు

టీచరు గారూ, డాక్టరు గారు చెప్పాక నేను చెప్పేది కొంచెమే. 38 ఏళ్లు మందుల షాపులో కూర్చున్నాను.

తమ్ముడు గారు గొంతు నొప్పికనో, గ్యాసుకనో అతిమధురం చప్పరించడం, కషాయం తాగడం చేస్తున్నారేమో అడగండి. రోజూ ఎక్కువ మోతాదులో వాడితే అది కూడా బీపీ పెంచి పొటాషియం దించుతుంది. డాక్టరు గారు చెప్పిన ఆ చిన్నపిల్లల జబ్బులో పుట్టుకతోనే పని చేయని ఎంజైమునే అతిమధురం అడ్డుకుంటుందని ఒక కంపెనీ శాస్త్రజ్ఞుడు నాకు ఒకసారి బొమ్మ గీసి చూపించారు. వేరు ముక్కే కదా, ఏం చేస్తుందిలే అనుకుంటాం. అలాగే ఒళ్లు నొప్పుల బిళ్లలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రోజూ వేసుకుంటే బీపీ మందుల పని చెడుతుంది. మా షాపుకు వచ్చే రైతుల్లో బీపీ దిగనివాళ్ల సంచీలో సగంసార్లు ఇవే కనిపించేవి.

సోడియం తగ్గించిన ఉప్పు అని ఇప్పుడు దొరుకుతోంది, అందులో కొంత భాగం పొటాషియం ఉంటుంది. చాలామందికి మంచిదే. చైనా పల్లెల్లో 600 ఊళ్లలో వాడించి చూస్తే పక్షవాతాలు తగ్గాయని 2021లో తేలింది. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు, టెల్మిసార్టన్ లాంటివి వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

---

లెక్కల టీచరు, కోనసీమ

రెండు నెలల తర్వాత రాస్తున్నాను. ఇంత ఆలస్యానికి మన్నించండి.

డాక్టరు గారూ, మీరు రాసిన మర్నాడే తమ్ముణ్ని లాబుకు పంపాను. పొటాషియం 2.8, బాగా తక్కువ. ఆ కాగితం ఫోనులో చూసినప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. సుద్దముక్క కింద పెట్టి బయటికి వచ్చేశాను. మూడేళ్లలో ఎవరూ ఈ ఒక్క పరీక్ష రాయలేదు. మాకూ అడగాలని తెలియలేదు. అతిమధురం వాడటం లేదు, నొప్పి బిళ్లలూ లేవు. ఆల్డోస్టెరాన్ చాలా ఎక్కువ, రెనిన్ దాదాపు లేనట్టే వచ్చింది. స్కానింగులో ఎడమ అడ్రినల్ మీద 1.6 సెంటీమీటర్ల కణితి కనిపించింది. హార్మోన్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మామూలుగా ఏ వైపు నుంచి వస్తోందో తేల్చడానికి రెండు గ్రంథుల సిరల్లోంచి రక్తం తీసి చూడాలట. వీడికి ఇంకా 35 నిండలేదు, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి నేరుగా ఆపరేషన్‌కు వెళ్లవచ్చు అన్నారు. ఈలోగా ఆల్డోస్టెరాన్ పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్, పొటాషియం ఇస్తున్నారు. మొన్న 132/86. పిక్కలు పట్టడం లేదట.

నా సగటు: ఆరు రోజులు, 24 రీడింగులు, 131/84. మీరు చెప్పిన గీతకు ఒక్క మెట్టు కింద. శిబిరంలో నేను మేడ మెట్లు దిగి వచ్చి, జాకెట్టు చేతి మీదే పట్టీ కట్టించుకుని, పక్కనున్న టీచరుతో మాట్లాడుతున్నానని ఇప్పుడు గుర్తొస్తోంది.

తర్వాత ఉప్పు లెక్క వేశాను. కిలో ప్యాకెట్టు మీద తేదీ రాసి విప్పాను. ఇంట్లో మేం నలుగురం. 20 రోజులకు అయిపోయింది. 1000ని 20తో, మళ్లీ నాలుగుతో భాగిస్తే మనిషికి రోజుకు 12.5 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఐదు గ్రాముల లోపు. అన్నం వార్చిన గంజితో, కడిగిన నీళ్లతో పోయింది తీసేసినా రెట్టింపు. పైగా ఆవకాయ, మాగాయ, ఊరమిరపకాయలు, ఎండుచేపలు ఈ ప్యాకెట్టులోంచి వచ్చినవి కావు, అవి వేరు. మా నాన్న పెరుగన్నంలో ఉప్పు వేసి కలుపుకుని, మీద ఊరమిరపకాయ నంజుకుని, చివర ఉప్పు వేసిన మజ్జిగ తాగేవారు. నేనూ అంతే. తమ్ముడూ అంతే. నాన్న నుంచి నాకు వచ్చినవాటిలో ఏది రక్తంలో వచ్చింది, ఏది కంచంలో వచ్చింది అని ఇన్నాళ్లూ నేను ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. రెండో ప్యాకెట్టు 31 రోజులు వచ్చింది, అంటే ఎనిమిది గ్రాములు. పెరుగన్నంలో, మజ్జిగలో ఉప్పు మానేశాం. మొదటి వారం మా అత్తయ్య చప్పగా ఉందని కంచం పక్కకు జరిపారు. ఇప్పుడు ఆవిడే బయటి భోజనం ఉప్పగా ఉందంటున్నారు.

కణం చెల్లీ, ఒక్క సందేహం. తమ్ముడికి నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు. ఈ కణితికి కూడా జన్యువులో మార్పే కారణమని ఎక్కడో చదివాను. అది బాబుకు వస్తుందా?

---

కణం, హైదరాబాద్

అక్కా, పొటాషియం సంగతి చదివి చాలా ఊరటగా అనిపించింది.

ఇలాంటి కణితుల్లో చాలావాటికి జన్యువులో మార్పు ఉంటుంది, నిజమే. కేసీఎన్‌జే5 అనే జన్యువుది 2011లో కనుక్కున్నారు. అది కణం గోడలో పొటాషియాన్ని మాత్రమే వదిలే ద్వారం. మార్పు వచ్చాక సోడియాన్ని కూడా వదిలేస్తుంది. దాంతో కణం ఆగకుండా ఆల్డోస్టెరాన్ తయారు చేస్తూ, తనూ పెరుగుతుంది. అయితే ఆ మార్పు సాధారణంగా ఆ కణితి కణాల్లో మాత్రమే ఉంటుంది. మీ తమ్ముడు పుట్టినప్పుడు లేదు, ఎప్పుడో ఒక అడ్రినల్ కణం విడిపోతున్నప్పుడు పడింది. మీ నాన్నగారి నుంచి రాలేదు, బాబుకు వెళ్లదు. వంశంలో నడిచే రకం కూడా ఉంది, చాలా అరుదు. 20 ఏళ్లలోపే బీపీ రావడం, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇంకొకరికి ఇదే జబ్బు తేలడం, 40 లోపే పక్షవాతం ఉండటం దాని గుర్తులు. మీ ఇంట్లో అలా కనిపించడం లేదు కానీ, మేనత్త గారికి కూడా ఒకసారి పొటాషియం చూపిస్తే నష్టం లేదు.

కణితి పోయినా నాన్నగారి వైపు నుంచి వచ్చిన ఆ చిన్న చిన్న తేడాలు మీ తమ్ముడిలో ఉంటాయి. ఆపరేషన్ తర్వాత మందులు తగ్గి, ఒకటి మిగిలినా నిరాశపడవద్దని చెప్పండి.

---

లెక్కల టీచరు, కోనసీమ

చెప్పాను చెల్లీ. ఒక్కటి కాదు, రెండు మిగిలినా ఫరవాలేదు అంటున్నాడు. ఆపరేషన్ వచ్చే నెల. మేనత్త రేపు లాబుకు వెళ్తోంది.

నిన్న సాయంత్రం పాపకు చిన్న పట్టీ తెప్పించి చూశాను. 108/66. పుస్తకంలో నా పేజీ పక్కనే దాని పేరుతో ఒక పేజీ మొదలుపెట్టాం, తేదీ తనే రాసుకుంది.